పాప ఎత్తులో నాలుగు బిళ్ళలు

ఆయనకి వేరే పేరుంది గానీ, అట్టపెట్టెల కార్ఖానాలో ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. అందరికీ ఆయన భద్రం. ఎవరు మెట్లు దిగుతున్నా 'భద్రం', ఎవరు కత్తెర పట్టుకున్నా 'భద్రం', చివరికి టీ గ్లాసు అందుకుంటున్నవాడికి కూడా 'వేడిగా ఉంది, భద్రం' అని చెప్పీ చెప్పీ ఆ మాటే ఆయనకి పేరై కూర్చుంది. జిగురు పూసే ఆయన కూతురి పెళ్ళికి శుభలేఖ మీద కూడా 'భద్రం గారికి' అనే రాసిచ్చారు. నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త పొంగిపోయాడు కూడా. ఇంతమందిలో ఒక్కడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండాలి కదా అని ఆయన వాదన.

ఆ కార్ఖానాలో చేసేవి కానుకలు పెట్టి ఇచ్చే ఖరీదైన పెట్టెలు. మూత ఇలా వాల్చగానే టక్కుమని తనంతట తనే అతుక్కుంటుంది చూడండి, అలాంటివి. ఆ టక్కుమనడంలో ఉన్న కిటుకంతా అట్ట లోపల దాచిన అయస్కాంతాలది. ఒక్కొక్కటి చొక్కా గుండీలో సగం ఉంటుంది, వెండిలా తళతళలాడుతుంది. పనివాళ్ళు వాటిని బిళ్ళలంటారు. అవి ఒకదానికొకటి అంటుకుని పొడుగాటి కడ్డీలా వస్తాయి. లాగితే ఊడవు, ఒక్కొక్కటీ పక్కకి జరిపి తియ్యాలి. ఒక పక్కన ఎర్రసిరాతో చుక్క పెట్టుకోవాలి, లేకపోతే ఏ వైపు ఎటో తెలీదు. తిరగేసి అంటించారో, పెట్టె మూసుకోకపోగా మూత ఎగిరి మొహాన కొడుతుంది. ఆ చుక్కలు పెట్టడం, సరిచూడడం పదకొండేళ్ళుగా భద్రం పని. రెండు బిళ్ళల మధ్య వేలి చర్మం ఇరుక్కుంటే నల్లగా రక్తం గడ్డ కడుతుంది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ తన బొటనవేలి మీది మచ్చ చూపించి మరీ చెబుతాడు ఆ సంగతి.

అక్కడందరికీ ఒక అలవాటుంది. చొక్కా జేబు గుడ్డకి లోపలొకటి, బయటొకటి రెండు బిళ్ళలు వేసుకుంటారు, వంగినప్పుడు పెన్ను జారిపోకుండా. సాయంత్రం చేతులు కడుక్కుని అలాగే ఇంటికెళ్ళిపోతారు. పూత రేగిన బిళ్ళలు ఎలాగూ పెట్టెలకి పనికిరావు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. భద్రం ఇంట్లో కూడా అలా చేరిన బిళ్ళలు బోలెడు. అన్నీ ఫ్రిజ్జు తలుపు మీదకి ఎక్కాయి.

ఆ ఫ్రిజ్జు తలుపు సంగతి చెప్పాలి. దాని అసలు రంగేమిటో ఇంటికొచ్చినవాళ్ళెవరికీ తెలీదు. మీదనుంచి కిందదాకా కాగితాలే. చార్జరు ప్లగ్గులో వదిలేస్తే ఏమవుతుంది, తలగడ కింద ఫోను పెట్టుకుంటే ఏమవుతుంది, గుండ్రటి చిన్న సెల్లు పిల్లలు మింగితే ఏమవుతుంది, నెట్టు డబ్బా ఎన్ని అడుగుల దూరంలో ఉండాలి, ఇలా ఎక్కడెక్కడి భయాలూ అక్కడ వేలాడుతుంటాయి. తమాషా ఏమిటంటే, ఫోను వల్ల వచ్చే ప్రమాదాల గురించి ఆయన చదివేదంతా ఫోన్లోనే. స్నానాల గదిలో దూరి అరగంట చదివి, బయటికొచ్చి కాగితం మీద రాసి, తలుపుకి తగిలిస్తాడు. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, పొద్దస్తమానం వచ్చేపోయే వాళ్ళతో వేగి వస్తుంది. ఆవిడ నవ్వితే, శత్రువు గుట్టు తెలుసుకోవద్దా అనేవాడు.

శత్రువంటే ఫోనే. మరీ ముఖ్యంగా అత్తగారి ఫోను.

అత్తగారు పాప పుట్టినప్పుడు సాయానికని వచ్చి, కూతురు మళ్ళీ పనిలో చేరడంతో ఉండిపోయింది. రెండున్నరేళ్ళుగా పాపకి అమ్మ సాయంత్రం మనిషి, నాన్న సెలవురోజు మనిషి. మిగతా అంతా అమ్మమ్మే. స్నానం అమ్మమ్మే, జడ అమ్మమ్మే, జ్వరమొస్తే ఒడి అమ్మమ్మదే. కూతురింట్లో ఉంటున్నానన్న మొహమాటం ఆవిడకి లేకపోలేదు. కంచం మారు వడ్డించుకోవాలన్నా ఇద్దరూ తినేశారో లేదో చూసుకునేది. కానీ పాప విషయంలో మాత్రం ఎవర్నీ అడిగేది కాదు. ఏడిస్తే ఎత్తుకునేది, ఆకలేస్తే పెట్టేది, అంతే. ఆ ఒక్క చోటే ఆవిడ ఆ ఇంట్లో అతిథి కాదు.

ముద్ద మింగనని పాప మొండికేసినప్పుడు ఆవిడ ఫోన్లో రెండు పాటలు పెట్టేది. రెండే. మూడోది అడిగితే ఫోను నిద్రపోయిందనేది. అయినా భద్రానికి ఒళ్ళు మండిపోయేది. పెద్దావిణ్ణి మొహం మీద అనలేక ఫ్రిజ్జుతో అనిపించాడు. ఒక తెల్ల అట్టముక్క మీద ఫోను బొమ్మ గీసి, దానికి ఏడుపు మొహం పెట్టి, మీద ఎర్రగా ఇంటూ గుర్తు వేశాడు. అమ్మమ్మ చదవకపోయినా పాపకైనా చిన్నప్పటినుంచే కంటబడాలని, సరిగ్గా పాప కళ్ళకి ఎదురుగా, నేలనుంచి రెండడుగుల ఎత్తులో, నాలుగు మూలలా నాలుగు బిళ్ళలతో బిగించాడు.

ఒక శనివారం పూట, భోజనాల గంట కొట్టే వేళకి కార్ఖానాలో ఆయన ఫోను మోగింది. అత్తగారు. గొంతు వణుకుతోంది గానీ మాట తడబడలేదు. పాప ఏదో నోట్లో పెట్టుకుందనీ, తళుక్కుమనడం చూసి తను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నోట్లో వేలు పెట్టేలోపే గుటుక్కున మింగేసిందనీ, ఇప్పుడు మామూలుగానే ఆడుకుంటోందనీ, అయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్దామనీ చెప్పింది. దాచాలనుకుంటే దాచేసే సంగతే. పిల్ల నవ్వుతూ ఆడుకుంటోంది, చూసినవాళ్ళు ఎవరూ లేరు.

భద్రం చేతిలో పని అక్కడే వదిలేశాడు. ఎవరి బండో అడిగి తీసుకుని ఇంటికొచ్చి పడ్డాడు. హాల్లో పాప, పక్కన నేలమీద అత్తగారి ఫోను. దాని కవరు పుస్తకంలా మడతపడేది, మూసుకోవడానికి చివర ఒక నాలుక ఉంటుంది. ఆ నాలుక కుట్టు విడిపోయి ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఇంకేం కావాలి. అందులో ఉండాల్సింది అయస్కాంతమని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. వంటింటి వైపు అడుగైనా వెయ్యలేదు. పాపని భుజాన వేసుకుని బయల్దేరాడు. వెనకాలే ఆవిడ, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. కడుపులో తెల్లగా ఒక చుక్క. ఏమై ఉంటుందని అడిగింది. అత్తయ్యగారి ఫోను కవర్లోని అయస్కాంతమన్నాడు భద్రం. ఎన్ని అని అడిగింది ఆవిడ. ఆ ప్రశ్న ఆవిడ మామూలుగా అడగలేదు, కాగితం మీంచి తలెత్తి మరీ అడిగింది.

"ఒకటే," అన్నాడు.

ఒకటైతే భయం లేదని, దానంతట అదే కిందికి దిగి బయటికి పోతుందని, రేపు పొద్దున ఇంకో బొమ్మ తీసి చూద్దామని, ఈలోగా ఇక్కడే ఉంచమని చెప్పింది. ఒకటికంటే ఎక్కువుంటే మాత్రం అది వేరే కథ అంది. పేగు ఈ మడతలో ఒకటి, ఆ మడతలో ఒకటి చేరి, మధ్యలో గోడని పట్టుకుని వదలవట. చిల్లు పడుతుందట. ఆ మాట వింటుంటే భద్రానికి బొటనవేలి మీది మచ్చ గుర్తొచ్చింది. హమ్మయ్య, ఒకటే కదా అనుకున్నాడు.

అప్పటిదాకా బిగబట్టుకున్న భయమంతా వరండాలోకి రాగానే కోపమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. బెంచీల మీద పాతికమంది ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా అత్తగారి మీద విరుచుకుపడ్డాడు. రెండేళ్ళుగా చెవినిల్లు కట్టుకుని చెబుతున్నానన్నాడు. ఫోను పిల్లలకి విషమంటే నా మాట చాదస్తమన్నారన్నాడు. ముద్ద తినిపించడం చేతగాకపోతే చెప్పాల్సింది, ఎవర్నైనా పెట్టుకునేవాళ్ళమన్నాడు. ఆ చివరి మాట నోరు దాటగానే ఆయనకే ఎక్కువనిపించింది గానీ, కోపంలో ఉన్న మనిషి వెనక్కి తీసుకుంటాడా ఏమిటి.

ఆవిడ ఒక్కటే అనబోయింది. "ఆ కవరుది ఎప్పుడో ఊడిపోయింది బాబూ, రెండు మూడు నెలలైంది..."

"మీరింక మాట్లాడకండి."

ఆవిడ వెనక్కి జరిగి గోడవార నిలబడింది.

అంతలో దుకాణం నుంచి భార్య వచ్చింది, మెళ్ళో దుకాణం గుర్తింపు కార్డు అలాగే ఉంది. సంగతంతా మొగుడి నోటే వింది. ఏడుస్తూ పాపని లాక్కుని గుండెకి హత్తుకుంది. తల్లి దగ్గరికొచ్చి పాప కాలు ముట్టుకోబోతే, "నువ్వు అక్కడ కూర్చోమ్మా కాసేపు," అంది. కటువుగా కూడా కాదు, నీరసంగా. ఆవిడ వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. కాళ్ళకి చెప్పుల్లేవని అప్పుడు చూసుకుందేమో, పాదాలు రెండూ బెంచీ కిందకి లాక్కుంది.

రాత్రికి ఉండాలి కాబట్టి పాపకి బట్టలు, దుప్పటి, పాత వైద్యం కాగితాలు తేవడానికి భద్రం ఇంటికెళ్ళాడు. అప్పటికి మూడు దాటింది. బట్టలు సర్దాడు. కాగితాలు సర్దాడు. పాపకి అలవాటైన మూత గ్లాసు తీసుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు.

ఫ్రిజ్జు తలుపు మీద ఏడుపు మొహం ఫోను బొమ్మ ఒక్క మూలన వేలాడుతోంది.

పైన కుడిమూల ఒక్క బిళ్ళ ఉంది. మిగతా మూడూ లేవు. భద్రం చేతిలో గ్లాసు అక్కడే పెట్టి నేలమీద బోర్లా పడుకున్నాడు. పొడుగాటి ఇనప గరిటె తెచ్చి ఫ్రిజ్జు కింద అటూ ఇటూ తిప్పాడు. ఒక తలపిన్ను వచ్చింది. రంగు పెన్సిలు ముక్క వచ్చింది. మూడోసారి తిప్పినప్పుడు గరిటెకి టక్కుమని ఒక బిళ్ళ అంటుకుంది. ఆ టక్కు ఆయన రోజుకి వెయ్యిసార్లు వినేదే. ఇంకోసారి తిప్పాడు, ఇంకోసారి. స్టవ్వు కింద, అలమర కింద, చెత్తబుట్టలో, పాప బొమ్మల బుట్టలో అంతా వెతికాడు. ఇంకేం దొరకలేదు.

తలుపు మీద ఒకటి. గరిటెకి ఒకటి. రెండు లేవు.

గరిటెకి అంటిన బిళ్ళని పక్కకి జరిపి తీసి చూశాడు. ఒక పక్కన ఎర్ర చుక్క. తను పెట్టిన చుక్కే.

అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఒక్కొక్కటే గుర్తుకొస్తూ పోయింది. రెండు వారాల కిందట అత్తగారు ఇల్లు ఊడుస్తూ, "బాబూ, ఇవి మరీ చిన్నవి, కాస్త మీదకి పెట్టకూడదూ," అంది. తనేమన్నాడు? అవి ఊడవు అత్తయ్యగారూ, పదకొండేళ్ళుగా నేను చేసే పనే కదా, మీరు ఆ ఫోను సంగతి చూసుకోండి చాలు అన్నాడు. నవ్వుతూ కూడా అన్నాడు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. పాతికమంది ముందు నిలబెట్టి కడిగేస్తుంటే కూడా ఆ మాట ఎత్తలేదు.

చెప్పొద్దూ, ఆ క్షణంలోనే పరిగెత్తి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. పరిగెత్తడానికే లేచాడు. సంచీ తీసుకున్నాడు, తలుపు తాళం వేశాడు, బండి ఎక్కాడు. దారిలో ఉండగా మొదలైంది ఆలోచన. ఏమని చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? భద్రం ఇంట్లో, భద్రం చేత్తో, పిల్ల నోటికి అందేలా కొలిచి మరీ పెట్టానని చెప్పాలా? రేపు కార్ఖానాలో తెలిస్తే ఏమంటారు? భార్య ఏమంటుంది? ఆ రెండోది ఎక్కడో సోఫా సందులో ఉండే ఉంటుంది అనుకున్నాడు. పిల్ల హాయిగా ఉంది కదా అనుకున్నాడు. రేపు పొద్దున బొమ్మ తీస్తారు కదా, అప్పటికి ఒకటో రెండో వాళ్ళకే తెలిసిపోతుంది అనుకున్నాడు. మనిషి తనకి తాను చెప్పుకునేటప్పుడు ఎంత నమ్మకంగా చెప్పుకుంటాడో చూడండి.

ఆసుపత్రికి వచ్చి సంచీ భార్యకి ఇచ్చి కూర్చున్నాడు. నాలుగైంది. పాప మంచం మీద దుప్పటి కొసతో ఆడుకుంటోంది. బెంచీ చివర అత్తగారు అలాగే ఉంది. ఎవరో పుణ్యాత్మురాలు మంచినీళ్ళ సీసా ఇస్తే పక్కన పెట్టుకుంది గానీ మూత తియ్యలేదు. భద్రం ఆవిడ వైపు చూడలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళింది. రెండుసార్లూ లేవబోయి చెప్పుల వార్లు సర్దుకుని కూర్చున్నాడు. జేబుకి ఇంకా రెండు బిళ్ళలు ఉన్నాయి, పెన్ను కదలకుండా. వాటిని ఊడదీసి గుప్పిట్లో దాచుకున్నాడు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని వేలి చర్మాన్ని నొక్కుతుంటే అలాగే ఉంచుకున్నాడు.

ఐదుకి పాప కడుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చి, వాంతి చేసుకుంది.

అప్పుడు పరిగెత్తాడు. డాక్టరమ్మ గది తలుపు తోసుకుని వెళ్ళి, రొప్పుతూ, రెండు ఉండొచ్చన్నాడు. ఇందాక ఒకటే అన్నారు కదా అంది ఆవిడ. భద్రం నోరు తెరిచాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఏం బయటికొచ్చిందో వినండి. ఆ కవరు నాలుకలో ఒకటి, అది అతుక్కునే వైపు ఒకటి, మొత్తం రెండు ఉంటాయండీ, నాకిప్పుడే తట్టింది అన్నాడు.

పాపకి కావలసింది దక్కింది. నింద మాత్రం ఉన్నచోటే ఉంది, పైగా రెట్టింపై.

పక్కకి పడుకోబెట్టి ఇంకో ఎక్స్‌రే తీస్తే రెండూ కనిపించాయి, మధ్యలో సన్నటి సందుతో. మొదటి బొమ్మలో ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయన్నమాట. ఇక ఎవరూ ఆగలేదు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం పంపి తియ్యాలన్నారు. నర్సు కాగితం తెచ్చింది. ఎలా జరిగింది అన్న చోట 'అమ్మమ్మ ఫోను కవరులోని అయస్కాంతాలు' అని ముందే రాసి ఉంది. తండ్రి సంతకం పెట్టాలి. భద్రం ఆ ముక్క మొత్తం చదివాడు. పెన్ను తీసుకుని కింద సంతకం పెట్టాడు. పదకొండేళ్ళుగా తప్పు చుక్క పడితే పెట్టె వెనక్కి పంపించే మనిషి, అంత అబద్ధం కింద చెయ్యి వణక్కుండా సంతకం పెట్టాడు.

గంట పట్టింది. ఆ గంటలో భార్య తల్లి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే ఘోరం. ఇంకెప్పుడూ నీ చేతికివ్వను అన్నట్టు ఉంది. ఆ చూపు ఆవిడకి తగలడం భద్రం చూశాడు. చూసి తల దించుకున్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్న స్టీలు గిన్నెలో రెండు బిళ్ళలు. పాప బాగుందంది. కడుపు గోడని ఒక చిటికెడు మధ్యలో పెట్టుకుని పట్టేశాయట, అక్కడ కాస్త పుండైందట, మందులతో మానుతుందట. పొద్దుటిదాకా వదిలేసి ఉంటే అక్కడే చిల్లు పడేది, కడుపు కోయాల్సి వచ్చేదంది. భార్య గోడకి ఆనుకుని మొహం కప్పుకుని ఏడ్చింది. అంతసేపూ నిలబడి అలిసిపోయిన డాక్టరమ్మ బెంచీ చివరికి చూసి, పెద్దవాళ్ళు మీరే చూసుకోకపోతే ఎలాగమ్మా, పసిపిల్ల చేతికి అలాంటివి ఇస్తారా అంది. విసుగు లేదు ఆ గొంతులో, రోజూ చెప్పే మాటే.

అత్తగారు లేచి నిలబడింది. చెప్పుల్లేని పాదాలతో, చేతులు రెండూ జోడించింది.

"తప్పు నాదేనమ్మా. ఇంకెప్పుడూ పాపని ముట్టుకోను."

ఆ మాటకి భద్రం డాక్టరమ్మ ఎదురుకి వచ్చి నిలబడ్డాడు. వరండాలో మధ్యాహ్నం ఉన్నవాళ్ళు సగం మంది ఇంకా ఉన్నారు. అప్పుడు ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగానే చెప్పాలనుకున్నాడు. మాట మాత్రం సన్నగా, చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

"అవి అత్తయ్యగారి ఫోనువి కావండీ. నావి. మా కార్ఖానావి. ఫ్రిజ్జుకి నేనే పెట్టాను, పాపకి అందేలా. మీదకి పెట్టమని ఆవిడ ముందే చెప్పారు. నేను వినలేదు."

డాక్టరమ్మ గిన్నె వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. ఈ పెద్దావిడ చూసింది కాబట్టి మీ పాప బతికింది, లేకపోతే మీకెవరికీ తెలిసేది కూడా కాదని, కాగితం మీద రాసింది కొట్టేసి మళ్ళీ రాయమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయింది. ఎవరో బెంచీ మీద గొణుక్కున్నారు. భద్రం వినలేదు. భార్యనే చూస్తున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అడిగింది ఒక్కటే.

"మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడడానికి ఇంక ఓపిక లేదు. "బట్టలకని ఇంటికెళ్ళాను కదా, అప్పుడు."

ఆవిడ గడియారం వైపు చూసింది. మూడు నుంచి ఐదుదాకా ఆవిడ మనసులో లెక్క కట్టడం ఆయనకి కనిపించింది. పిల్ల కడుపులో అవి పట్టు బిగిస్తున్న రెండు గంటలు మొగుడు పక్కనే కూర్చుని గడియారం చూస్తూ గడిపాడని ఆవిడకి అర్థమైంది. తల్లి దగ్గరికి వెళ్ళి ఆ పాదాల దగ్గర తన చెప్పులు విడిచి, వేసుకోమ్మా అని, తను వట్టికాళ్ళతో పాప గదిలోకి వెళ్ళిపోయింది.

భద్రం అత్తగారి ముందు నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. క్షమించండి అన్నాడు, చేతగాకపోతే అన్న మాటకి క్షమించండి అన్నాడు, సంతకానికి క్షమించండి అన్నాడు. సంతకం సంగతి ఆవిడకి తెలీదు కూడా. ఆవిడ కంగారుపడిపోయి, అంత మాటెందుకు బాబూ, పాప బాగుంది, అంతే చాలు అంది. నిజంగానే అంది. ఆవిడ మనసులో కక్ష లేదని ఆయనకి తెలుసు. ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

రెండురోజులకి పాప ఇంటికొచ్చింది. అప్పటికే భద్రం ఫ్రిజ్జు తలుపంతా ఖాళీ చేశాడు. కాగితాలన్నీ చించేశాడు, బిళ్ళలన్నీ డబ్బాలో వేసి కార్ఖానాకి తిరిగిచ్చేశాడు. ఫ్రిజ్జుది లేత నీలం రంగని అందరికీ తెలిసింది. కార్ఖానాలో తనే పిలిచి అందరికీ చెప్పాడు, ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో, ఎంతసేపు దాచాడో. ఆరోజునుంచి సాయంత్రం గేటు దగ్గర జేబులు తడుముకుని వెళ్ళడం మొదలైంది. ఎవరూ ఆయన్ని ఎగతాళి చెయ్యలేదు. ఆయనే ఎవరికీ భద్రమని చెప్పడం మానేశాడు.

ఇంట్లో అంతా సర్దుకుందనే అనుకున్నాడు. భార్య మాట్లాడుతోంది, కాస్త తక్కువగా. అత్తగారు వండుతోంది, ఉతుకుతోంది. తర్వాతి ఆదివారం పొద్దున హాల్లో కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. పాప నిద్రలేచి, జుట్టంతా మొహం మీద పడుతూ తూలుకుంటూ వచ్చింది. నాన్న పక్కనుంచే వెళ్ళి, రోజూలాగే అమ్మమ్మ ముందు నిలబడి రెండు చేతులూ పైకి చాచింది.

అమ్మమ్మ వంగబోయి ఆగింది. చేతులు చీరకి తుడుచుకుంది. పాపని ముట్టుకోకుండా, అల్లుడి వైపు తిరిగింది.

"బాబూ, ఎత్తుకోనా?"

ఆయన సూది వదిలేశాడు. తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు ఎత్తుకుంది. కాసేపటికి పాప దాహమంటే, గ్లాసు చేత్తో పట్టుకుని మళ్ళీ ఆయన వైపే చూసింది, ఇవ్వనా అన్నట్టు. అలా అడగొద్దు అత్తయ్యగారూ అని ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. సరే బాబూ అంది.

మర్నాడు పాప జడ వెయ్యడానికి దువ్వెన తీసి, వెయ్యనా అని అడిగింది.